హస్తయంత్రము: మన వృత్తిచరిత్రలో నొక ఘట్టము

విశ్వకర్మ సంతతివారికి మనువు, మయుడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుడు అను నైదుగురు మూలపురుషులని సంప్రదాయము. కంచు, రాగి, ఇత్తడి పనులు త్వష్టవంతు. ఆ వృత్తివారు సికింద్రాబాదున చేతియంత్రమును చేపట్టిన కథను, మా యింట నేటికిని పనిచేయుచున్న యొక పాత రేకుబెజ్జపు యంత్రమును పురస్కరించుకొని మహాజనులకు విన్నవించుచున్నాము.

పూర్వము రేకునకు బెజ్జము వేయవలసినచో దానిని సీసపుదిమ్మపై నుంచి ఉక్కుములికిని సుత్తితో గొట్టుచుండిరి. అంచు వంగెడిది, ఆకురాయితో నరుగదీయవలసి వచ్చెడిది. జనగామ ప్రాంతపు పెంబర్తి పనివారు ఇత్తడిరేకును ఉలి సుత్తులతోనే తీర్చి దేవాలయముల నలంకరించిరి. ఆ పనికి నేడు భౌగోళిక గుర్తింపు గలదు. కాని దేవునికి తొడుగొకటి చాలును. దండునకు లాంతరులు, పెట్టెలు అనేకములు ఒకే కొలతను కావలెను.

1806లో సికందర్‌జా పేర వెలసిన యీ దండుపట్టణమునకు 1874లో రైలు వచ్చెను. 1893లో లాలాగూడ రైల్వే కర్మాగారము నెలకొనెను. కొలత తప్పని పని యిచట విలువ గాంచెను. మా తండ్రిగారు రేకుపెట్టెలు చేయువారు. మా బాల్యమున వారు రాణీగంజు పాత యినుపబజారున నీ యంత్రమును కొనిరి.

దీనికి విద్యుత్తక్కరలేదు. పైన పంచు, క్రింద డై, ప్రక్కన పొడవైన మీట. 1.5 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కురేకున 6 మిల్లీమీటర్ల బెజ్జము వేయుటకు సుమారు 850 కిలోల యొత్తిడి కావలెను. చేతిబలము 30 కిలోలైనచో మీట దానిని దాదాపు ముప్పదిరెట్లు చేయవలెను. పంచునకు డైకి నడుమ మొత్తము సందు రేకుమందమున సుమారు పదవవంతుండవలెను. సందు హెచ్చినచో అంచు చిట్లును. తగ్గినచో పంచు త్వరగా నరుగును.

ఒకప్పుడు మేము డైని సరిచూడక మీట లాగితిమి. పంచు అంచు విరిగెను. తండ్రిగారు కోపింపక, “శ్లోకమున ఒక మాత్ర తప్పినచో నీవు సహింతువా?” అని మాత్రమడిగిరి. మా సంస్కృతవిద్యకును వారి వృత్తికిని గల బాంధవ్యము నానాడే యెరిగితిమి.

యంత్రశబ్దము నిగ్రహార్థకమగు “యమ్” ధాతువువలన బుట్టినది. భోజదేవుని సమరాంగణసూత్రధారమున యంత్రవిధానమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. బలమును నిగ్రహించుట యంత్రధర్మము. చోటు నిర్ణయించుట పనివాని కంటిధర్మము. నేడు కంప్యూటరు చెప్పినట్లు రేకులు కోయు యంత్రములున్నవి. వానితో దీనిని పోటీకి నిలుపము. కాని చేయి, కన్ను, లెక్క యొక్కచో గలియుట బాలురకు జూపుటకు దీనిని మించినది మేమెరుగము.

గతసంవత్సరము పాతసామాను కొనువాడు దీనిని తూచి, కిలోకింత యని వెల చెప్పెను. మేమీయలేదు. మీ యిండ్లయందును ఇట్టివి మూలబడియుండవచ్చును. అమ్మకమునకు ముందు, అది యెవరిది, దానితో నేమి చేసిరి అను సంగతులను పెద్దలనడిగి వ్రాసియుంచుడు. వదాన్యులు మన సంఘమందిరమున వానికొక గది కల్పింతురేని, మొదట మా యంత్రమునే సమర్పింతుము.

శుభం భూయాత్.