పల్నాటి కోడిపోరు - ఆటలయందలి దండనీతి



మన పల్నాటిలో కోడిపోరు కథ నెఱుఁగనివారు లేరు. కారెంపూడిలో కార్తిక అమావాస్యనుండి ఐదు దినములు జరుగు వీరారాధనోత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఆ గాథ యేఁటేఁట స్మరింపఁబడుచున్నది. దానిని వీరరసమునకై వినుట మన పరిపాటి. నేఁడు న్యాయదృష్టితో విందము. ఆటలో నక్రమము జరిగి, దానిని పెద్దలు దాఁచినచో దండన మెవరికి, ఎంతవఱకు?

12వ శతాబ్దమున గురజాలలో నలగామరాజును, మాచెర్లలో మలిదేవరాజును ఏలుచుండిరి. నాయకురాలు నాగమ్మ గురజాల పక్షమునను, బ్రహ్మనాయుఁడు మాచెర్ల పక్షమునను నిలిచి కోళ్ల పందెము వేసిరి. ఓడినవా రేడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని యొడంబడిక. మాచెర్ల పుంజు ఓడెను. అందు కపటము జరిగెనని గాథలు చెప్పును. నిజమేదో తేల్చుటకు మధ్యస్థుఁడు లేఁడయ్యెను. ముసలివారును పిల్లలును గూడ మలిదేవునితో నిల్లు విడువవలసి వచ్చెను. గడువు తీఱిన పిదప రాజ్యభాగ మడుగ వచ్చిన అలరాజు, నలగామునికి అల్లుఁడే యయ్యు, చర్లగుడిపాడులో విషమునకు బలియయ్యెనందురు. అటుపిమ్మట నాగులేటి యొడ్డున జరిగిన పోరున బాలచంద్రాది వీరులు కూలిరి.

ఆ దండనమున మూఁడు లోపములు కానవచ్చును. నిష్పక్షపాతమైన విచారణ లేదు. పందెము వేసినవారికిని వేయనివారికిని భేదము లేదు. గడువు తీఱినను మాట నిలుపుట లేదు. ఏ కాలపు దండనమునైనను ఈ మూఁటితోనే తూఁచవలెను.

అమెరికాలో కళాశాలల ఆటలవలన కోట్ల ధనము వచ్చును. వానిని నియమించుటకు నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అను సంఘము కలదు. అచ్చటి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఫుట్‌బాల్ శిక్షకుఁడుగా నుండిన యొకఁడు బాలురపై ఏండ్లతరబడి లైంగికాత్యాచారములు చేసెనని 2011లో బయటపడెను. పెద్ద అధికారులు సంగతి యెఱిఁగియు దాఁచిరని విశ్వవిద్యాలయమే నియమించిన విచారణ నివేదిక 2012లో తెల్పెను. సంఘము తాను వేఱుగా విచారింపక ఆ నివేదికనే నమ్మి, 6 కోట్ల డాలర్ల జరిమానా, నాలుగేండ్లు ప్రధానపు పోటీల నిషేధము, 112 విజయముల రద్దు విధించెను. నేరము జరిగిన కాలమున తామే బాలురైన విద్యార్థులు ఆ నిషేధమును మోయవలసివచ్చెను. ఐనను వేఱొక కళాశాలకుఁ బోయి యాడుటకు వారి కనుమతి యిచ్చిరి. 2014లో నిషేధమును ఎత్తివేసిరి. 2015లో విజయములను తిరిగి యిచ్చిరి. దాఁచిన యధికారులు మువ్వురకు 2017లో న్యాయస్థానము కారాగారశిక్ష విధించెను. అసలు దోషమునకుఁ దగిన దండన మదియే.

మన దేశమునను ఇట్టి యుదాహరణము కలదు. 2013 ఐ.పి.ఎల్. పందెముల వ్యవహారమున క్రికెట్ బోర్డు తానే నియమించిన సంఘము దోషము లేదనఁగా, ఆ సంఘపు నియామకమే చెల్లదని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పెను. పిమ్మట సుప్రీంకోర్టు నియమించిన లోధా సంఘము 2015లో చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేండ్లు తొలఁగించెను. నిర్దోషులైన ఆటగాండ్రు ఇతర జట్లలో నాడిరి. గడువు తీఱఁగా 2018లో ఆ రెండు జట్లును తిరిగి వచ్చెను. మాచెర్లవారికి దక్కని మూఁడును ఇందుఁ గలవు.

కొందఱు, సంస్థ నేల దండింపవలె, దోషినిఁ బట్టిన చాలదా యందురు. చాలదు. దోషి యొక్కఁడు తప్పు చేయును. దాఁచునది మాత్రము సంస్థ. దాఁచుటవలన బహుమానము, ధనము, కీర్తి దానికే నిలుచును. ఆ లాభమును లాఁగికొననిచో దాఁపరికమే తెలివియని ప్రతి పాఠశాలయు నేర్చుకొనును. కాని లాఁగికొనవలసినది ధనమును, పదవులును, పతకములును. పసివాని యాట కాదు.

మీ గ్రామముల పిల్లలు కబడ్డీకో వాలీబాలుకో పట్టణములకుఁ బోవుచున్నారు. వయసు పత్రము దిద్దిరనియో, బిడ్డకుఁ గీడు జరిగెననియో వినఁబడినపుడు, ఊరిపేరు చెడునని నోరు మూయింపకుఁడు. బయటివారిచేత విచారింపఁజేయుఁడు, దాఁచినవారిని తొలఁగింపుఁడు, గడువు తీఱిన దండనమును మఱల తలపెట్టకుఁడు. ఊరిపేరు నిలుచుట ఇందువలననే.