సాహస యానిమేషన్ కథలలో తండ్రీ కొడుకులు

బొమ్మల చిత్రాలను గురించి సాహిత్య విమర్శకు పూనుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. పిల్లలు చూసి మరచిపోయే వాటికి ఇంత చర్చ దేనికని వారు అడుగుతారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. జానపద గాథను గురించీ, వీధి భాగవతాన్ని గురించీ, ఆఖరికి నవలను గురించీ పండితులు ఒకప్పుడు ఇలాగే అడిగారు. కాని దేశదేశాల పిల్లలు ఏళ్ల తరబడి చూసే కథలో తండ్రి ఎలా వుంటాడు, కొడుకు అతనికి ఎందుకు లొంగుతాడు, ఎప్పుడు ఎదురు తిరుగుతాడు అనేవి చిన్న ప్రశ్నలు కావు. అధికారమంటే ఏమిటో మనిషి మొదట నేర్చుకునేది ఇంట్లోనే. ఆ పాఠాన్ని కథ ఎలా చెబుతున్నదో చూడటం విమర్శకుడి పనే.

పాత్ర కథలోకి రాకముందే దానికి జరిగినదాన్ని పూర్వకథ అందాం. ఇది మనకు తెలియని పద్ధతి కాదు. మన పురాణాలలో రాక్షసుడి వెనుక ఒక శాపవృత్తాంతం వుంటుంది. వైకుంఠ ద్వారపాలకుడొకడు మునుల శాపం వల్ల హిరణ్యకశిపుడుగా పుట్టాడు. అక్కడ పూర్వకథ దైవలీలకు సంజాయిషీ. ఆధునిక కథలో శాపం స్థానాన్ని ఇల్లూ, యుద్ధమూ, రాజ్యమూ ఆక్రమించాయి. ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. దానికొక చరిత్ర వుంది.

అమెరికాలో హానా-బార్బెరా సంస్థ 1964లో 'జానీ క్వెస్ట్' అనే సాహస ధారావాహికను తీసింది. ఒక శాస్త్రవేత్త, అతని కొడుకు, వారిని కాపాడేందుకు ప్రభుత్వం నియమించిన ఒక గూఢచారి, కలకత్తా నుంచి తెచ్చి పెంచుకున్న హాజీ అనే పిల్లవాడు అందులో ముఖ్యులు. తండ్రికీ కొడుకుకూ మధ్య పేచీ లేదు. తండ్రి విజ్ఞానం, ప్రభుత్వ ప్రయోజనం, కొడుకు వినోదం మూడూ ఒకే దారిన నడుస్తాయి. శత్రువులంతా పరదేశాలలోనే వుంటారు. ప్రచ్ఛన్న యుద్ధకాలపు అమెరికా తన ముఖాన్ని అద్దంలో ఎలా చూసుకోదలచిందో ఈ కుటుంబం అలా వుంది. అమ్మ లేదు, లేదన్న బాధ కూడా లేదు. దీనికి వ్యాపార కారణం కూడా ఒకటి తోడయింది. అక్కడి టెలివిజన్ సంస్థలు ఒకే ధారావాహికను మళ్లీ మళ్లీ, ఏ వరుసలోనైనా వేసుకునేవి. అలాంటప్పుడు ఏ భాగానికా భాగం ముగిసిపోవాలి. నిన్న తగిలిన గాయం నేడు కనిపించకూడదు. గతం లేని పాత్రలకు తండ్రితో వైరం ఎక్కడినుంచి వస్తుంది?

వైరం జపానునుంచి వచ్చింది. ఒసాము తెజుకా 1928లో పుట్టి, యుద్ధకాలంలో విద్యార్థిగా కర్మాగారంలో చాకిరీకి వెళ్లి, 1945లో ఒసాకా నగరం మీద బాంబులు పడటం కళ్లారా చూసినవాడు. 1952లో అతడు బొమ్మల కథగా మొదలుపెట్టిన 'తెత్సువాన్ అటోము' 1963 జనవరి 1న టెలివిజన్ ధారావాహిక అయింది. 1966 చివరిదాకా 193 భాగాలు నడిచింది. అదే అమెరికాలో 'ఆస్ట్రో బాయ్'.

ఆ కథ పుట్టుకలోనే ఒక తండ్రి నేరం వుంది. డాక్టర్ టెన్మా అనే శాస్త్రజ్ఞుడి కొడుకు తోబియో కారు ప్రమాదంలో చనిపోతాడు. దుఃఖం భరించలేక టెన్మా కొడుకు రూపంలో ఒక యంత్రబాలుణ్ణి చేయిస్తాడు. కొంతకాలానికి వాడు ఎత్తు పెరగడం లేదని గ్రహించి, ఆగ్రహించి, సర్కస్‌కు అమ్మేస్తాడు. ఇందులో తెజుకా పట్టుకున్న సత్యం గొప్పది. టెన్మాకు కావలసింది కొడుకు కాదు, తన నష్టానికి పరిహారం. పరిహారం సరిపోలేదనగానే కొడుకు సరుకైపోయాడు, సరుకు అమ్ముడుపోయింది. తరువాత అటోమును ఆదరించేది ఒచానొమిజు అనే మరొక శాస్త్రజ్ఞుడు. కన్నతండ్రి కాదన్న కొడుకును రక్తసంబంధం లేని పెద్దమనిషి చేరదీయడమన్న ఏర్పాటు ఇక్కడే స్థిరపడింది. నలభై ఏళ్ల తరువాత కూడా అది మనకు కనిపిస్తుంది.

తెజుకా తన ధారావాహికను నిర్మాణపు ఖర్చుకన్నా తక్కువ ధరకు ఇచ్చాడు. మిగిలినది మిఠాయి కంపెనీ ప్రాయోజకత్వం, బొమ్మల అమ్మకాలు, విదేశీ హక్కులు పూడ్చాలి. అందువల్ల తక్కువ బొమ్మలతో పని జరుపుకోవలసి వచ్చింది. కదలిక తగ్గినచోట ముఖం నిశ్చలంగా నిలిచిపోతుంది. నిలిచిన ముఖాన్ని ప్రేక్షకుడు చూస్తూ కూర్చోవాలంటే దాని వెనుక ఒక కథ వుండాలి. పేదరికం ఇక్కడ కళకు కొత్త దారి చూపిందని నా అభిప్రాయం.

యోషియుకి తొమినో 1979లో తీసిన 'మొబైల్ సూట్ గుండమ్' ఈ వైరాన్ని ఇంటినుంచి యుద్ధంలోకి తెచ్చింది. అమురో రే పదిహేనేళ్ల కుర్రవాడు. తండ్రి టెమ్ రే యుద్ధయంత్రాలు తయారుచేసే ఇంజనీరు. మొదటి భాగంలోనే, కొడుకు వయసు పిల్లలు గెరిల్లా యుద్ధంలో పోరాడుతున్నారట అని ఆ తండ్రి నొచ్చుకుంటాడు. కాని శత్రువు దాడిచేసినప్పుడు జనాన్ని తరలించడంకన్నా తన యంత్రాన్ని తరలించడానికే తొందరపడతాడు. మనుషులకన్నా యంత్రమే ముఖ్యమా అని కొడుకు నిలదీస్తాడు. నిలదీసిన కొడుకే ఆ యంత్రంలోకి ఎక్కి శత్రువు యంత్రాన్ని చీలుస్తాడు. ఆ పేలుడుకు అంతరిక్ష నివాసం గోడ చిల్లుపడి, తండ్రి శూన్యంలోకి కొట్టుకుపోతాడు.

చాలాకాలం తరువాత అమురోకు తండ్రి మళ్లీ కనిపిస్తాడు. ప్రాణవాయువు అందక అతని మెదడు దెబ్బతిన్నది. కొడుకు ఎలా వున్నాడని అడగడు. ఒక పాతబడిన పరికరం చేతికిచ్చి, యంత్రంలో అమర్చితే బలం పెరుగుతుందని ఉత్సాహపడతాడు. కొడుకు బయటికి వచ్చి ఏడుస్తూ దాన్ని నేలకేసి కొడతాడు. ఇక్కడ తండ్రి దుర్మార్గుడు కాడు. తన పనిలోనే తాను కరిగిపోయినవాడు. పరిశ్రమ మనిషిని ఎంతగా హరించగలదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? విచిత్రమేమంటే, 52 భాగాలుగా తలపెట్టిన ఈ ధారావాహికను ప్రేక్షకులూ, బొమ్మల అమ్మకాలూ చాలక 43 భాగాలకే ఆపేశారు. తరువాత పునఃప్రసారాలూ, ప్లాస్టిక్ నమూనాలూ దానికి కీర్తి తెచ్చాయి. యంత్రాన్ని ద్వేషించిన కథ యంత్రపు బొమ్మలు అమ్మి బతికింది.

1995 జపానుకు చెడ్డ సంవత్సరం. జనవరిలో కోబే భూకంపం, మార్చిలో టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు దాడి. అంతకు కొన్నేళ్ల ముందే ఆ దేశపు ధరల బుడగ పగిలింది. ఆ ఏడు అక్టోబరులో హిదెఆకి అన్నో 'నియోన్ జెనెసిస్ ఎవాంగెలియన్' మొదలైంది. పద్నాలుగేళ్ల షింజిని తండ్రి గెండో ఏళ్ల తరువాత పిలిపిస్తాడు. ప్రేమతో కాదు; యుద్ధయంత్రం నడపడానికి మనిషి కావాలి. తండ్రి ఎత్తున నిలబడి కిందికి చూస్తూ ఆజ్ఞాపిస్తాడు. కొడుకు నిరాకరిస్తే, గాయాలతో రక్తమోడుతున్న ఒక బాలికను అతని స్థానంలో తెప్పిస్తాడు. షింజి ఒప్పుకోక తప్పదు. ఒకనాడు తండ్రి నోట ఒక్క మెచ్చుకోలు మాట రాగానే, తాను యంత్రం ఎక్కేది ఈ మాటకోసమే కాబోలునని వాడు అనుకుంటాడు. యజమానుల బలం ఎక్కడుందో ఈ ఒక్క వాక్యం చెబుతుంది: ఆకలిని వారే పుట్టిస్తారు, మెతుకును వారే విసురుతారు.

అయితే ఎవాంగెలియన్ ఈ ఎరుకను చివరిదాకా నిలుపుకోలేదు. 26 భాగాలు ముగిసేసరికి ప్రపంచం కరిగిపోయి, సమస్త సమస్యా షింజి మనసులోకి కుదించుకుపోయింది. 2021లో వచ్చిన ఆఖరి చలనచిత్రంలో తండ్రి తన ఒంటరితనాన్ని చెప్పుకుంటాడు, కొడుకు వింటాడు. ఆ దృశ్యం హృదయాన్ని తాకుతుంది, కాదనను. కాని గెండో కొడుకునొక్కడినే బాధించలేదు. భార్యను తిరిగి చూడాలన్న కోరికకు మానవజాతినే పణంగా పెట్టాడు. తండ్రిని అర్థం చేసుకోవడం వేరు, అధికారిని తీర్పుకు నిలబెట్టడం వేరు. మొదటిది జరిగితే రెండవది అక్కర్లేదన్నట్టుగా కథ ముగియడం నాకు నచ్చలేదు.

ఈ రెండింటినీ విడదీసి చూపినది 2005 నుంచి 2008 వరకు అమెరికాలో 61 భాగాలుగా వచ్చిన 'అవతార్: ద లాస్ట్ ఎయిర్ బెండర్'. డిమార్టినో, కొనియెట్స్కో దీని సృష్టికర్తలు. అప్పటికి అమెరికా టెలివిజన్‌లో కూడా వరుస కథకు చోటు దొరికింది. చిత్రాల గీత పని కొరియా స్టూడియోలలో జరిగింది.

అగ్నిరాజ్యం నూరేళ్లుగా లోకం మీద యుద్ధం చేస్తున్నది. రాజు ఓజాయ్. కొడుకు జూకో కథలో శత్రువుగా ప్రవేశిస్తాడు. ఎడమకంటి చుట్టూ కాలిన మచ్చ. ఆ మచ్చ కథ పన్నెండవ భాగంలో గాని తెలియదు. పదమూడేళ్ల వయసులో జూకో యుద్ధసభలో కూర్చున్నాడు. కొత్తగా చేరిన సిపాయిల దళాన్ని ఎరగా వాడి శత్రువును దెబ్బతీద్దామని ఒక సేనాని అన్నాడు. దేశాన్ని నమ్మి వచ్చినవాళ్లను ఎలా బలిపెడతారని జూకో లేచి అడిగాడు. ఫలితం అగ్నిద్వంద్వం. ఎదుట నిలిచింది సేనాని కాదు, తండ్రి. కొడుకు మోకరిల్లి పోరాడనన్నాడు. తండ్రి ముఖం కాల్చి, దేశం వెళ్లగొట్టాడు. కనుక ఆ మచ్చ కేవలం ఇంటి గాయం కాదు. ఒక రాజకీయ ప్రశ్న అడిగినందుకు పడిన శిక్ష.

జూకో దీన్ని చాలాకాలం మరచిపోతాడు. తండ్రి ఆదరం తిరిగి పొందాలన్న యావలో ఆ ప్రశ్ననే వదిలేస్తాడు. తనను కన్నబిడ్డలా కాచిన పెదతండ్రి ఐరోకు ద్రోహం చేసి, ఇంటికి చేరి, మన్నన పొందుతాడు. మళ్లీ యుద్ధసభ జరుగుతుంది. ఈసారి తండ్రి పక్కన ఆసనం. పొరుగు రాజ్యాన్ని జనంతో సహా తగలబెట్టాలని ఆ సభ నిర్ణయిస్తుంది. జూకో మాట్లాడాలనుకుంటాడు, మాట్లాడలేకపోతాడు. మొదటి సభలో నోరు విప్పినందుకు ముఖం కాలింది. రెండవ సభలో నోరు మూసుకున్నందుకు గౌరవం దక్కింది. ఈ ధారావాహిక హృదయం ఈ రెండు సభల మధ్య వుంది.

సూర్యగ్రహణం నాడు అగ్నిరాజ్యంవారి శక్తి నశించినప్పుడు జూకో తండ్రి ముందు నిలబడి రెండు మాటలు చెబుతాడు: పసివాడితో ద్వంద్వానికి దిగడం క్రూరత్వమని ఒకటి, ఈ యుద్ధంతో మన గొప్పతనాన్ని లోకానికి పంచుతున్నామన్నది అబద్ధమని రెండవది. ఇంటి నేరాన్నీ, సామ్రాజ్య నేరాన్నీ ఒకే ఊపిరిలో పలకడమే అతని విముక్తి. గ్రహణం విడవగానే తండ్రి పిడుగు విసురుతాడు. జూకో దాన్ని పెదతండ్రి నేర్పిన విద్యతో మళ్లిస్తాడు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ప్రహ్లాదుడు గుర్తుకు రాక మానడు. పోతన ప్రహ్లాదుడూ తండ్రి రాజ్యపు చదువును తండ్రి ముఖానే కాదన్నాడు. పోలిక అంతటితో ఆగదు. ప్రహ్లాదుడు తండ్రిని చంపలేదు. అవతారం వచ్చి ఆ పని చేసింది, కొడుక్కి పట్టం దక్కింది. జూకో కూడా తండ్రిని చంపనని, అది అవతార్ విధి అని వెళ్లిపోతాడు, ఆంగ్ అనే అవతార్ ఓజాయ్ శక్తిని హరిస్తాడు, జూకో రాజవుతాడు. అవతారమన్న మాట సంస్కృతంనుంచి వెళ్లినదే కాబట్టి ఈ చుట్టరికం ఊహ మాత్రమే కాదు. తేడా ఒకటుంది: ప్రహ్లాదుడు ఎన్నడూ తొణకలేదు. జూకో తొణికాడు, తప్పు చేశాడు, పెదతండ్రి ముందు తలవంచాడు. భక్తుడికి పూర్వకథ అక్కర్లేదు. మారే మనిషికి కావాలి.

మెచ్చుకోవలసినది మెచ్చుకున్నాక అడగవలసినది కూడా అడగాలి. సింహాసనం చెక్కుచెదరలేదు. చెడ్డ రాజు పోయి మంచి రాజు వచ్చాడు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ఎరగా పోవలసిన ఆ కొత్త సిపాయిలు ఎవరు? వారి తండ్రులెవరు? రాకుమారుడి గాయానికి మూడు సంపుటాల కథ దక్కింది. వారికి ఒక వాక్యం దక్కింది. ఐరోకు కూడా యుద్ధం మీద విరక్తి కలిగింది తన కొడుకు లూ టెన్ ముట్టడిలో చనిపోయాకనే. గోడకు అవతలివైపు ఎందరు కొడుకులు పోయారో మనకు చూపలేదు. సంపద పంపకంలో వున్న అన్యాయమే పూర్వకథల పంపకంలోనూ వుంది.

రచయితలకు ఈ సంగతి తెలియదనలేం. 2006లో వచ్చిన ఒక భాగంలో జూకో పేరు దాచుకుని ఒక పేద రైతు ఇంట ఆగుతాడు. ఆ ఇంటి పెద్దకొడుకు యుద్ధానికి పోయాడు. దళం పట్టుబడిందని కబురు రాగానే తండ్రి గాన్సు కొడుకును వెతుక్కుంటూ యుద్ధభూమికి బయలుదేరుతాడు. కొడుకు ముఖం కాల్చిన రాజుకు ఎదురుగా కథ నిలబెట్టిన తండ్రి ఇతడే. మాటల్లో కాదు, నడకలో. చిన్నకొడుకు లీని ఊరి సిపాయిలే ఎత్తుకుపోతే జూకో పోరాడి విడిపిస్తాడు. పోరాటంలో తన పేరు చెప్పుకుంటాడు. ఊరు మౌనమైపోతుంది. తాను ప్రాణంగా చూసుకున్న చురకత్తిని జూకో పిల్లవాడికి ఇవ్వబోతాడు. లీ పుచ్చుకోడు, నువ్వంటే నాకు అసహ్యమని చెబుతాడు.

జూకో ఎంత బాధపడ్డాడో మనకు తెలుసు, లీకి తెలియదు. తెలిసినా అతని అన్న తిరిగి రాడు. పూర్వకథ చూసి మనసు కరిగినప్పుడల్లా మనం ఆ పిల్లవాడి ముఖాన్ని కూడా ఒకసారి తలచుకోవాలి.