అయిదు గొంతుల ప్రార్థన

ఈ వారం మీతో ముచ్చటించదలచింది నాలుగువందల ఏళ్ళ నాటి ఒక ఇంగ్లండు పాట గురించి. క్రైస్తవులు లాటిన్ భాషలో, సాధారణంగా పక్కవాద్యాలు లేకుండా, బృందంగా పాడే ఇటువంటి భక్తిగీతాన్ని మోటెట్ అంటారు. దీన్ని కూర్చినవాడు విలియం బర్డ్. అచ్చయింది 1589లో.

ఆనాటి పరిస్థితి కాస్త తెలుసుకోవాలి. ఎలిజబెత్ రాణి 1558లో గద్దెనెక్కింది. మరుసటి ఏడే చట్టం వచ్చింది. చర్చిల్లో ఇంగ్లీషు ప్రార్థనే జరగాలి, కాథలిక్కుల లాటిన్ పూజ కూడదు. ఆదివారం చర్చికి రానివారికి ఒక షిల్లింగు జరిమానా. 1581లో అది నెలకు 20 పౌన్లయింది. సామాన్య సంసారాలు తట్టుకోగల సొమ్మా అది? 1585 నుంచి కాథలిక్కు గురువుకు ఇంట్లో చోటిస్తే ఏకంగా మరణశిక్షే!

బర్డ్ కాథలిక్కు. అయినా 1572 నుంచి రాణిగారి ప్రార్థనామందిరంలో ఉద్యోగి. 1575లో ఆవిడ అతనికీ, పెద్దవాడైన టామస్ టాలిస్‌కూ సంగీత ముద్రణపై 21 ఏళ్ళ గుత్తాధికారం కూడా ఇచ్చింది. ఇంటి సంగతి వేరు. చర్చికి రావడం లేదని అతని భార్య జూలియానా పేరు 1577లోనే అధికారుల కాగితాలకెక్కింది, భర్త పేరుకంటే ముందుగా.

రెండు భాగాల ఈ పాటకు ఆధారం బైబిలులో యెషయా గ్రంథపు ప్రార్థన. పాడుబడిన యెరూషలేము కోసం దుఃఖం. గ్రంథంలోని మాటలే గనుక ఎవరూ తప్పుపట్టలేరు. వినే కాథలిక్కులకు మాత్రం అది తమ గోడే.

ఇక సంగీతం. మన పద్ధతిలో ఎంతమంది పాడినా రాగం నడిచే దారి ఒకటే. ఇక్కడ అయిదు గొంతులకు అయిదు దారులు. ఒక గొంతు ఎత్తుకున్న మాటను రెండోది అందుకుంటుంది. అయినా మొదటిది ఆగదు, తన దారిన సాగుతూనే ఉంటుంది. ఆపైన మూడోది, నాలుగోది. జడపాయల్లా అల్లుకుపోతాయన్నమాట. రెండో భాగంలో సీయోను పేరు రాగానే ఆ అల్లిక ఆగుతుంది. గొంతులు కలిసి ఒకే లయలో, నెమ్మదిగా, ఆ మాట పలుకుతాయి. తరువాత యెరూషలేము పేరును ఒకదాని వెంట ఒకటి మళ్ళీ మళ్ళీ తలుచుకుంటూ ముగిస్తాయి. కేక లేదు, కోపం లేదు. అందుకే అంత బాధ.

విచిత్రం చూడండి. తరువాత ఈ రెండో భాగానికే ఇంగ్లీషు మాటలు కట్టి ప్రభుత్వ చర్చి వారే పాడుకున్నారు. 1641లో అచ్చయిన చర్చి సంగీత సంపుటిలో అది ఉంది. అప్పటికి బర్డ్ లేడు. తన మతం విడవకుండానే 1623లో కన్నుమూశాడు.

నలుగురిలో చెప్పుకోలేని కష్టాన్ని పాటలో పెట్టుకోవడం మన ఆడవాళ్ళకు కొత్తా? తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు మనకు తెలియనివా? ఈ మోటెట్ వినే అవకాశం వస్తే, భాష తెలియదని కట్టేయకండి. ఆ అల్లిక ఎక్కడ ఆగుతుందో చెవి ఒగ్గి వినండి.