పచ్చి దరువు ఎవరిది?



పోయిన వారం బ్లూస్ గురించి రాశాను కదా. అది చదివి ఎమ్మే చదివే ఒక తమ్ముడు క్లాసయ్యాక వచ్చాడు. "బ్లూస్ మనకు అర్థమవుతుంది సార్. పత్తి చేను, దొర, బాకీ. టెక్నో, హౌస్ అంటారే, అవి మాత్రం తెల్లోళ్ల పబ్బు మ్యూజిక్ కదా?" అన్నాడు. ఫోన్లో ఒక కొత్త రికార్డు వినిపించాడు. యూరప్‌లో ఒక చిన్న లేబుల్ వేసిన వినైల్. మాటల్లేవు. గరుకైన డ్రమ్ము, దాని మీద గొంతు నలిపినట్టు మెలికలు తిరిగే బేస్. కింద వివరణలో మూడు మాటలు: రా, వింటేజ్, షికాగో.

"రా" అంటే పచ్చిది అని అనుకుందాం. ఈ పచ్చిదనం ఎక్కడ పుట్టింది, ఎవరి ఒంట్లోంచి వచ్చింది? ఈ వారం వ్యాసం ఆ తమ్ముడికి జవాబు.

1. గోదాము

1977. షికాగోలో సౌత్ జెఫర్సన్ వీధి, 206 నంబరు భవనం. రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి నిర్వాహకుడు అక్కడ ఒక క్లబ్బు నడిపాడు. జనం దాన్ని వేర్‌హౌస్ అన్నారు, అంటే గోదాము. రికార్డులు వేయడానికి న్యూయార్క్ నుంచి ఫ్రాంకీ నకుల్స్ అనే కుర్రాణ్ణి పిలిపించాడు. ఇరవై రెండేళ్లవాడు, నల్లవాడు, గే.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులే. తెల్ల గేల బార్లకు వెళితే రంగు చూసి గుమ్మం దగ్గరే ఏదో వంక పెట్టేవాళ్లు. సొంత పేటలో, సొంత చర్చిలో ఉందామంటే గే అని వెలి. రెండు చోట్లా తలుపు మూసుకుపోయిన పిల్లలకు తెరుచుకున్న తలుపు ఆ గోదాము. అక్కడ మద్యం అమ్మేవాళ్లు కాదు, పళ్లరసాలే. శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది. అదే మా చర్చి అని చెప్పుకున్నవాళ్లు చాలామంది. "హౌస్" అన్న పేరు ఈ వేర్‌హౌస్ నుంచే వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ కథను మనం "నల్లవాళ్ల సంగీతం" అని మాత్రమే చెప్పి ముందుకు పోతే సగం దాచినట్టే. హౌస్ పుట్టింది నల్ల క్వీర్ పిల్లల చెమటలోంచి. మన సభల్లో బ్లాక్ పాంథర్స్ పేరు చెబుతాం, మన హాస్టల్లోనే ఉన్న క్వీర్ దళిత విద్యార్థి పేరు పలకడానికి మాత్రం నోరు రాదు. వాడు ఊళ్లో కులంతో, వాడలో తన ఒంటితో రెండు యుద్ధాలు చేస్తున్నాడు. వాడికి మనం ఏ గోదాము తెరిచాం?

2. రికార్డులు పేల్చిన రాత్రి

1979 జూలై 12. షికాగో కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానం. స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ, అక్కడి వైట్ సాక్స్ జట్టు కలిసి పెట్టిన కార్యక్రమం: ఒక డిస్కో రికార్డు తెచ్చిస్తే టికెట్ 98 సెంట్లే. రెండు ఆటల మధ్య ఆ రికార్డులన్నీ కుప్పపోసి పేల్చేస్తారు. దాదాపు యాభై వేలమంది వచ్చారు. పేల్చారు. వేలమంది మైదానంలోకి ఉరికారు. నేల పాడై, రెండో ఆట ఆడలేక షికాగో జట్టు ఓడిపోయినట్టు ప్రకటించాల్సి వచ్చింది.

తనది జాతి ద్వేషం కాదని, రాక్ అభిమానుల సరదా అని డాల్ ఇప్పటికీ అంటాడు. సరే. ఆ రోజు అదే మైదానంలో జనానికి సీట్లు చూపించే పని చేసిన ఒక నల్ల కుర్రాడున్నాడు. పేరు విన్స్ లారెన్స్. సింథసైజర్ కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కో కానివీ చాలా ఉన్నాయని, నల్లవాళ్ల పాట అయితే చాలు తెచ్చి పడేశారని అతను తర్వాత చెప్పాడు.

అదే విన్స్ లారెన్స్ 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి "ఆన్ అండ్ ఆన్" చేశాడు. వినైల్ మీదికెక్కిన మొదటి హౌస్ రికార్డు అదేనని చాలామంది చరిత్రకారుల మాట. పేల్చిన కుప్ప పక్కన నిలబడ్డ కుర్రాడే కొత్త రికార్డు తయారు చేశాడు. చరిత్రలో ఇలాంటి జవాబులు అరుదు.

3. పారేసిన యంత్రాలు

ఇప్పుడు పచ్చిదనం దగ్గరికి వద్దాం. పెద్ద కంపెనీలు డిస్కో మీద డబ్బు పెట్టడం మానేశాయి. ఆర్కెస్ట్రా లేదు, స్టూడియో లేదు. ఉన్నది సెకండ్ హ్యాండ్ షాపు.

జపాన్ రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె చేసింది. గిటార్ వాయించేవాడికి పక్కన బేస్ వాద్యకారుడు లేకపోతే ఆ లోటు తీర్చాలని దాని ఉద్దేశం. ఆ శబ్దం బేస్ గిటార్‌లా లేదని ఎవరూ కొనలేదు. మూడేళ్లలోపే ఆపేశారు. తయారైనవి దాదాపు పదివేలు. టీఆర్-808, టీఆర్-909 డ్రమ్ యంత్రాల గతీ అంతే. మార్కెట్ వద్దన్నది అగ్గువకు దొరికింది.

షికాగో కుర్రాళ్లు డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జె ముగ్గురూ ఆ 303 మీటలు తిప్పుతూ కూర్చున్నారు. యంత్రం కీచుమంది, మూలిగింది, బుసలు కొట్టింది. దాన్నే రికార్డు చేశారు. మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రాన్ హార్డీ అనే డీజే దాన్ని మొదటిసారి వేసినప్పుడు జనం ఆట ఆపి పక్కకు జరిగారు. హార్డీ వదల్లేదు, అదే రాత్రి మళ్లీ మళ్లీ వేశాడు. నాలుగోసారికి గది ఊగిపోయింది. 1987లో "యాసిడ్ ట్రాక్స్" పేరుతో ఫ్యూచర్ అనే ఈ బృందం రికార్డు వచ్చింది. యాసిడ్ హౌస్ అనే మొత్తం శాఖకు పేరు అక్కడిదే.

ఇందులో మన దేశానికీ ఒక ముక్క ఉంది. 1982లోనే బొంబాయి సినిమా సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే 303, అదే 808 మీద పది రాగాలను డిస్కో దరువుతో వాయించి రికార్డు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, షికాగో కంటే ముందే యాసిడ్ హౌస్ ఇక్కడ పుట్టిందని కొందరు గొప్పలు పోయారు. యంత్రం ఒకటే, శబ్దమూ దగ్గరిదే. కానీ దాని చుట్టూ రాత్రంతా ఆడే జనం లేరు, వాళ్లకు ఆ రాత్రి అవసరమూ లేదు. సంగీతానికి పేరు పెట్టేది సమూహం.

4. అచ్చు యంత్రం ఎవరి చేతిలో?

షికాగోలో వినైల్ అచ్చువేసే ఫ్యాక్టరీ ఒక తెల్ల వ్యాపారి, లారీ షెర్మన్ చేతిలో ఉండేది. అతని ట్రాక్స్ రికార్డ్స్ నుంచే మార్షల్ జెఫర్సన్ "మూవ్ యువర్ బాడీ", లారీ హర్డ్ "కెన్ యూ ఫీల్ ఇట్" వచ్చాయి. అప్పటికి జెఫర్సన్ తపాలా కార్యాలయంలో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. పాత రికార్డులు కరిగించిన ప్లాస్టిక్‌తో కొత్తవి అచ్చువేసేవాళ్లని, అందుకే ట్రాక్స్ రికార్డుల్లో అంత చరచర అని కొన్నవాళ్లంతా చెబుతారు. గుర్తుపెట్టుకోండి. ఇవాళ ఏ చరచరను "వింటేజ్ వెచ్చదనం" అంటున్నారో, అది ఒకప్పుడు యజమాని పిసినారితనం.

ఆ రికార్డులు లండన్ చేరాయి, ప్రపంచం తిరిగాయి. తమకు రాయల్టీ అందలేదని కళాకారులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. 2020లో లారీ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ ట్రాక్స్ మీద ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2022లో రాజీ కుదిరి తమ రికార్డింగుల హక్కులు తిరిగి తెచ్చుకున్నారు. 1986 నాటి పాట సొంతదారుడికి చేరడానికి 36 ఏళ్లు పట్టింది.

5. డెట్రాయిట్ నేర్చుకున్న పాఠం

పక్కనే డెట్రాయిట్. 1950లో పద్దెనిమిది లక్షలు దాటిన జనాభా 2020కి ఆరు లక్షల నలభై వేలలోపుకు పడిపోయిన కార్ల నగరం. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్ల స్నేహితులు ఆ యంత్రాల చప్పుడు నుంచి టెక్నో చేశారు. ఫ్రాంకీ నకుల్స్‌కు 909 యంత్రం అమ్మింది డెరిక్ మే. రెండు ఊళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అంత దగ్గరిది.

మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ మొదలుపెట్టిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ మాత్రం షికాగో దోపిడీ చూసి జాగ్రత్తపడింది. సొంత లేబుల్, సొంత పంపిణీ. బ్యాంక్స్ ముఖానికి గుడ్డ కట్టుకునేవాడు. ముఖం అమ్మడం ఇష్టం లేదు. 1999లో వాళ్ల డీజే రొలాండో చేసిన ట్యూన్ యూరప్‌లో మోగిపోయింది. అనుమతి దొరక్కపోయినా సోనీ జర్మనీ శాఖ దాన్ని అచ్చంగా నకలు చేయించి విడుదలకు సిద్ధమైంది. అభిమానులు ఉత్తరాలతో, ఈమెయిళ్లతో ఉక్కిరిబిక్కిరి చేస్తే సోనీ వెనక్కి తగ్గింది. సంఘటితమైతే జరిగేది ఇదీ.

6. ఇప్పుడు వస్తున్నవి

పోయిన పదిహేనేళ్లుగా ఈ పచ్చి శబ్దానికి మళ్లీ గిరాకీ. న్యూయార్క్‌లో 2010లో మొదలైన ఎల్.ఐ.ఇ.ఎస్., రోటర్‌డామ్ క్లోన్ వాళ్ల "జాక్ ఫర్ డేజ్" వంటి లేబుళ్లు దీన్ని ముందుకు తెచ్చాయి. రోలాండ్ 2014లో 808, 909 శబ్దాలతో కొత్త యంత్రం, 2016లో 303కి చిన్న నకలు దింపింది. అసలు 303 పెట్టె ఇప్పుడు లక్షల రూపాయలు పలుకుతోంది. బీదవాడి పనిముట్టు సంపన్నుడి షోకేసులోకి ఎక్కింది.

ఇవన్నీ చెడ్డ సంగీతమని నేననను. నాకిష్టమైనవీ ఉన్నాయి. కానీ వినే చెవి మూలం వైపు కూడా తిరగాలి. షికాగోలో జమాల్ మాస్ ఇంకా ఉన్నాడు. హైరోగ్లిఫిక్ బీయింగ్ పేరుతో, సొంత మ్యాథమ్యాటిక్స్ లేబుల్ మీద, వక్రంగా, దుమ్ముగా, నిర్భయంగా రికార్డులు వేస్తాడు. డెట్రాయిట్‌లో ఒమర్-ఎస్ తన ఎఫ్ఎక్స్‌హెచ్ఇ లేబుల్‌ను, థియో ప్యారిష్ సౌండ్ సిగ్నేచర్‌ను తామే నడుపుకుంటున్నారు. షికాగో పేటల ఘెట్టో హౌస్‌కు నిలయమైన డాన్స్ మేనియా 2001లో మూతపడి 2013లో మళ్లీ లేచింది. దాని పెద్దలు పాల్ జాన్సన్ 2021లో కోవిడ్‌తో, డీజే డియాన్ 2023లో వెళ్లిపోయారు. వాళ్ల శబ్దం కొత్త రికార్డుల్లో మోగుతూనే ఉంది. వాళ్ల పేర్లు అన్ని అట్టల మీదా లేవు.

7. మనకేంటి?

మా తాత డప్పు కొట్టేవాడు. పెళ్లి ముందు మంట దగ్గర డప్పు కాచి, చిర్రతో ఒక్క దెబ్బ వేస్తే ఊరంతా కదిలేది. భోజనాలప్పుడు మాత్రం ఆయన విస్తరి పందిరి అవతల. ఇవాళ అదే దరువును స్టూడియోలో పట్టి "మాస్", "రూటెడ్" అని అమ్ముతున్నారు.

నా పీహెచ్‌డీ రోజుల్లో పాత పాటల సంకలనాలు చాలా తిరగేశాను. సేకరించిన పండితుడి పేరు అట్ట మీద. పాడిన మనిషి పేరు చాలాచోట్ల లేదు, కులం పేరు మాత్రం ఉంది. "జానపదం" అని రాసేస్తే రాసినవాడికి బాకీ ఉండదు. "వింటేజ్ షికాగో" అన్న మాటా కొన్నిసార్లు ఆ పనే చేస్తుంది. మనుషులను తీసేసి ఊరి పేరు మిగులుస్తుంది.

1873లో ఫూలే తన "గులాంగిరీ"ని నల్లవాళ్ల బానిసత్వం రద్దు కోసం నిలబడ్డ అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. ఆ వరసలో మనం చేయగలిగింది చిన్నదే. కొత్త రికార్డు విన్నప్పుడు దాని వెనక పేరు వెతుకుదాం. డబ్బు పెట్టగలిగితే తయారుచేసినవాడి చేతికే అందేలా కొందాం. మన వాడల్లో ఇంకా బతికున్న డప్పు కళాకారుల దరువులను పేరు, ఊరు, తేదీతో సహా ఫోన్లోనైనా రికార్డు చేద్దాం. ఆ రికార్డు హక్కు వాళ్లదేనని రాసిద్దాం.

తమ్ముడూ, నువ్వు వినిపించింది తెల్లోళ్ల మ్యూజిక్ కాదు. తలుపులన్నీ మూస్తే గోదాములో ఆడుకున్న పిల్లలది. మళ్లీ విను, ఈసారి పేర్లతో విను.

వచ్చే ఆదివారం డెట్రాయిట్ నుంచే ఇంకో కథ: బానిసల ఓడల్లోంచి సముద్రంలోకి తోసేసిన గర్భిణుల బిడ్డలు నీళ్లలోనే బతికారని ఊహించి సంగీతం చేసిన డ్రెక్సియా గురించి.

జై భీమ్.