వన్ సిరీస్: బీఎండబ్ల్యూ ముందు చక్రాలకి ఎందుకు మారింది?

2010లో బీఎండబ్ల్యూ బాస్ నార్బర్ట్ రైట్‌హోఫర్ ఒక మాట చెప్పాడు. వన్ సిరీస్ ఓనర్లలో 80 శాతం మంది తమ కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్ అనుకుంటున్నారట! కానీ 2004లో వచ్చిన ఆ కారు పక్కా రియర్ వీల్ డ్రైవ్. పోటీలో ఉన్న ఆడీ ఏ3, మెర్సిడెస్ ఏ క్లాస్ మాత్రం ముందు చక్రాల బండ్లే.

రియర్ వీల్‌లో మజా ఏంటంటే, యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి జరుగుతుంది, గ్రిప్ కూడా అక్కడే పెరుగుతుంది. ముందు టైర్లకి మలుపు తిప్పే పని ఒక్కటే. కానీ ఇంజన్‌ని కారు పొడవునా పెట్టాలి, కింద నుంచి షాఫ్ట్ వెనక్కి వెళ్లాలి. చిన్న కారులో ఆ చోటు ఎవరిది? వెనక కూర్చున్నోళ్లది. ఒకసారి ఫ్రెండ్ వాళ్ల పాత 118డీలో వెనక సీటు మధ్యలో కూర్చుని హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లా. ఆ గుట్టకి అటొక కాలు, ఇటొక కాలు. సూర్యాపేటలో టీకి దిగితే మోకాళ్లు నిలబడలేదు.

ఈ లెక్క అలెక్ ఇసిగోనిస్ 1959లోనే తేల్చేశాడు. మినీలో ఇంజన్‌ని అడ్డంగా పెట్టి, పదడుగుల కారులో నలుగురిని కూర్చోబెట్టాడు. తమాషా ఏంటంటే, 1994లో రోవర్‌ని కొన్నప్పుడు ఆ మినీ కూడా బీఎండబ్ల్యూ చేతికే వచ్చింది. 2014లో 2 సిరీస్ యాక్టివ్ టూరర్ వచ్చింది, బీఎండబ్ల్యూ బ్యాడ్జ్‌తో మొదటి ఫ్రంట్ వీల్ బండి అదే. 2019లో వన్ సిరీస్ కూడా మారింది. వెనక చోటు పెరిగింది, ఎం140ఐలోని ఆరు సిలిండర్ల ఇంజన్ పోయింది.

నేను జాబ్ చేసే రోజుల్లో, ఎక్కువమంది వాడట్లేదని ఒక ఫీచర్ పీకేశాం. వాడే ఆ కొద్దిమంది తిట్లు ఇంకా గుర్తున్నాయి. అందుకే నా ఓటు ఆ 20 శాతానికే. మంచి 118డీ దొరికితే కొంటా, మధ్య సీట్లో మాత్రం మీరు కూర్చోండి.