ఓడ కదిలేలోగా చేరాల్సిన సందేశం: అండమాన్ దీవుల్లో స్వయంచాలక ఈ-మెయిళ్లు

అండమాన్, నికోబార్ దీవుల మధ్య రాకపోకలకు ప్రధాన ఆధారం ఓడ. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడ బయలుదేరే వేళ మారుతుంది. ఒక్కోసారి ప్రయాణమే రద్దవుతుంది. టికెట్ల విక్రయం ఆన్‌లైన్‌కు మారేకొద్దీ, ఈ మార్పులను ప్రయాణికులకు తెలిపే భారం వెబ్ అప్లికేషన్లు తమంతట తాము పంపే ఈ-మెయిళ్లపై పడుతోంది. ఆ సందేశం ఆలస్యమైనా, స్పామ్‌లోకి పోయినా, తెరిచాక అర్థం కాకపోయినా నష్టపోయేది చికిత్సకో పరీక్షకో బయలుదేరి రేవులో చిక్కుకుపోయే కుటుంబమే.

కేబుల్ వచ్చినా తేలికైన సందేశమే మేలు

2020 వరకు దీవుల ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడింది. 2018 డిసెంబర్ 30న శంకుస్థాపన జరిగిన చెన్నై–అండమాన్ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ కేబుల్ చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తో అనుసంధానిస్తుంది. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు సాగుతుంది. అయితే కేబుల్ చేరని దీవులూ ఉన్నాయి. నడిసముద్రంలో మొబైల్ సిగ్నల్ అందదు. కాబట్టి ఇక్కడి ప్రయాణికులకు పంపే ఈ-మెయిల్ బలహీనమైన సిగ్నల్‌లోనూ తెరుచుకునేలా ఉండాలి.

పంపడంలో పాటించాల్సినవి

ఈ-మెయిల్ రవాణాకు మూలమైన ఎస్ఎంటీపీ ప్రమాణం 1982 నాటిది. ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు సందేశం అంచెలంచెలుగా చేరుతుంది. టికెట్ కొనుగోలు పూర్తయిన క్షణంలోనే అప్లికేషన్ స్వయంగా మెయిల్ పంపే ప్రయత్నం చేస్తే, మెయిల్ సర్వర్ స్పందించేదాకా వెబ్‌పేజీ నిలిచిపోతుంది. సందేశాన్ని ముందుగా ఒక క్యూలో భద్రపరచి, వేరే ప్రోగ్రామ్ ద్వారా పంపించడం దీనికి పరిష్కారం.

అవతలి సర్వర్ 4తో మొదలయ్యే సంకేతాన్ని ఇస్తే అది తాత్కాలిక ఇబ్బంది. కొంతసేపటికి మళ్లీ ప్రయత్నించవచ్చు. 5తో మొదలైతే శాశ్వత తిరస్కరణ. ఆ చిరునామాకు అదే సందేశాన్ని పదేపదే పంపడం వృథా. 2008లో సవరించిన ఎస్ఎంటీపీ ప్రమాణం, ప్రయత్నాల మధ్య కనీసం 30 నిమిషాల విరామాన్ని, విరమించుకునే ముందు సాధారణంగా 4 నుంచి 5 రోజుల గడువును సూచిస్తుంది. మామూలు ఉత్తరాలకు ఇది సరిపోతుంది. రేపు ఉదయపు ఓడ రద్దయిందన్న కబురు నాలుగో రోజున చేరితే మాత్రం ప్రయోజనం శూన్యం. అందువల్ల ప్రతి సందేశానికీ కాలపరిమితి నిర్ణయించి, అది సమీపించేలోగా ఎస్ఎంఎస్ లేదా ఫోన్ మార్గానికి మళ్లాలి. మళ్లీ పంపే క్రమంలో ఒకే టికెట్ రెండుసార్లు వెళ్లకుండా ప్రతి సందేశానికీ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇవ్వడం అవసరం.

స్పామ్‌లోకి పోకుండా

పంపినవారు నిజమైనవారేనని నిరూపించే ఏర్పాట్లు మూడు. ఒక డొమైన్ పేరుతో మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ ప్రకటిస్తుంది. సందేశానికి డీకిమ్ డిజిటల్ సంతకం చేస్తుంది. ఈ తనిఖీలలో విఫలమైన మెయిల్‌ను ఏం చేయాలో డీమార్క్ నిర్దేశిస్తుంది. రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలని కోరింది. ప్రచార మెయిళ్లపై వచ్చే ఫిర్యాదులు టికెట్ సమాచారాన్ని దెబ్బతీయకుండా రెండింటినీ వేర్వేరు ఉప-డొమైన్ల నుంచి పంపడం మేలు.

చదవడానికి వీలైన రూపం

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవారు అంతకంటే ఎక్కువ. ఆంగ్లేతర లిపులకు, జోడింపులకు ఈ-మెయిల్‌లో చోటు కల్పించిన మైమ్ ప్రమాణం 1992లో వచ్చింది. సందేశాన్ని యూటీఎఫ్-8గా స్పష్టంగా ప్రకటించి, విషయ పంక్తిని కూడా నియమానుసారం సంకేతీకరిస్తేనే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారకుండా ఉంటాయి.

హెచ్‌టీఎంఎల్ రూపంతో పాటు సాదా పాఠాన్నీ జతచేయాలి. ఓడ పేరు, తేదీ, వేళ, రేవు సందేశపు మొదటి పంక్తుల్లోనే ఉండాలి. వాటిని చిత్రంగానో పీడీఎఫ్‌లోనో మాత్రమే ఇవ్వడం సరికాదు. జోడించిన ఫైలు ఈ-మెయిల్‌లో దాదాపు మూడో వంతు పెరుగుతుంది. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన సందేశాన్ని కత్తిరించి చూపుతుంది.

వేళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అనేక సర్వర్ల గడియారాలు భారత కాలమానం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే యూటీసీని అనుసరిస్తాయి. వేళను మార్చకుండా ముద్రిస్తే ఉదయం 6.30 గంటల ఓడ రాత్రి 1.00 గంటకు బయలుదేరుతున్నట్లు కనిపిస్తుంది.

పేర్ల మార్పు మరో అంశం. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా మారాయి. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చుతున్నట్లు కేంద్రం ప్రకటించింది. స్థలనామాలను ప్రతి మెయిల్ నమూనాలో విడివిడిగా రాయకుండా ఒకేచోట ఉంచితే ఒక్క సవరణతో అన్నిచోట్లా మారతాయి. కొంతకాలం పాత పేరునూ పక్కనే ఇవ్వడం ప్రయాణికులకు సౌకర్యం.

నిరంతర పరిశీలన

మెయిల్ బయలుదేరినంత మాత్రాన బాధ్యత తీరదు. తిరుగుటపాలో వచ్చిన మెయిళ్ల సంఖ్య, క్యూలో నిలిచిన సందేశాల వయసు రోజూ గమనించాలి. కొత్త నమూనాను పాత ఫోన్‌లో, చిత్రాలు కనిపించకుండా చేసి పరీక్షించాలి. ఎంత మెరుగుపరిచినా ఈ-మెయిల్ ప్రయాణికుడికి చేరుతుందన్న పూర్తి హామీ ఉండదు. అందుకే ఓడ రద్దు వంటి సమాచారానికి ఎస్ఎంఎస్, రేడియో ప్రకటన, రేవులోని నోటీసు బోర్డు కూడా కొనసాగడం అవసరం.