స్పార్క్ ప్లగ్ మార్పిడి (మోటార్ సైకిల్)

పెట్రోలు ఇంజిన్‌లో గాలి, ఇంధనాల మిశ్రమాన్ని నిప్పురవ్వతో అంటించే భాగం స్పార్క్ ప్లగ్. 1902లో బాష్ సంస్థ ఇంజినీరు గాట్లోబ్ హోనోల్డ్ హైవోల్టేజి మాగ్నెటోతో కలిపి రూపొందించాక దీని వాడకం విస్తరించింది. చాలా 100 సి.సి. బైకులకు ఒక్కటే ప్లగ్గు కాబట్టి ఇంట్లోనే మార్చుకోవడం తేలిక. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండి మాన్యువల్ చెబుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. ప్లగ్గు మీది క్యాప్ లాగి, ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ఊది, ప్లగ్ పానాతో విప్పాలి. దుమ్ము ఊదడం చాలామంది మరిచిపోతారు. అలా మరిచిపోతే ఆ దుమ్ము రేణువులు నేరుగా సిలిండర్‌లో పడతాయి.

విప్పిన ప్లగ్గును పారేయకముందు దాని మొనను వెలుతురులో చూడాలి. లేత గోధుమరంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా నల్లబడితే ఆయిల్ కాలుతోంది. తెల్లగా మాడితే వేడి మితిమీరింది.

కొత్త ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ దూకే ఖాళీ (గ్యాప్) సాధారణంగా 0.8 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో సరిచూడాలి. బిగించేటప్పుడు ప్లగ్గును మొదట వేళ్లతోనే తిప్పాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియంది, మర వంకరగా ఎక్కితే చెడిపోతుంది. చేతికి బిగిశాక పానాతో దాదాపు అర చుట్టు చాలు.